కారు పొగగొట్టం కొత్తగా కట్టిస్తున్నారా? పైపు సైజు ఇలా తేల్చుకోండి

కోనసీమలోనో, భీమవరం-నరసాపురం వైపో పది పన్నెండేళ్లు తిరిగిన కారు కింద చూడండి. పొగగొట్టానికి ఎక్కడో ఒకచోట అతుకు కనబడుతుంది. ఉప్పుగాలి, ఏడాది పొడుగునా చెమ్మ, వానాకాలంలో రోడ్డెక్కే నీళ్లు కలిసి పైపును తినేస్తాయి. కంపెనీ పైపు మొత్తం కొనాలంటే ఖర్చు ఎక్కువ కాబట్టి వెల్డింగ్ షెడ్డులో కట్టించుకోవడం మామూలే. అందులో తప్పేమీ లేదు. చిక్కంతా షెడ్డులో వినబడే మొదటి ప్రశ్న దగ్గరే: "పైపు ఎంత సైజు వేద్దామండి?"

"కొంచెం పెద్దదే వేసేయండి, బండి ఫ్రీగా లాగుద్ది" అంటారు చాలామంది. ఆ ఒక్క మాటతో పైపు ఖర్చు పెరుగుతుంది, తక్కువ గేర్లలో పికప్ తగ్గుతుంది, హైవే మీద కారు లోపల మోత మొదలవుతుంది. సరైన సైజు తేల్చుకోవడానికి కావలసింది ఒక దారం, ఒక స్కేలు, సెల్‌ఫోన్‌లో క్యాల్‌క్యులేటర్. అంతే.

ముందుగా హద్దు గీసుకుందాం. ఇక్కడ చెప్పేదంతా కేటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా) తర్వాతి భాగం గురించే. మానిఫోల్డును (ఇంజిన్ నుంచి పొగను కూడగట్టే గొట్టాలు), కన్వర్టర్‌ను, సెన్సర్లను, డీజిల్ బండికి ఉండే డి.పి.ఎఫ్.ను (మసిని పట్టే ఫిల్టర్) తీసేయకండి, మార్చకండి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమల్లో ఉన్నాయి. ఆ బళ్లలో వీటిని తీసేస్తే చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, పొల్యూషన్ పరీక్షలో బండి తప్పుతుంది. మోత విషయంలోనూ చట్టం గట్టిగానే ఉంది. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద మొదటిసారికే 10,000 రూపాయల వరకు జరిమానా, 3 నెలల వరకు జైలు, 3 నెలలు లైసెన్సుకు అనర్హత ఉన్నాయి. కంపెనీ పైపు ఎంత మెత్తగా పలికేదో కొత్తదీ అంత మెత్తగా పలకాలి. ఆ లెక్కతోనే పని మొదలుపెట్టండి.

అసలు పైపు మార్చాల్సిన అవసరం ఉందా?

బండి లాగట్లేదని పైపు సైజు మీద అనుమానం పడేవాళ్లు చాలామంది. నిజానికి చాలాసార్లు సైజు తప్పు కాదు, లోపల అడ్డం పడి ఉంటుంది. పాత సైలెన్సర్ లోపలి రేకు తుప్పు పట్టి ఊడి గొట్టానికి అడ్డుపడటం, కన్వర్టర్ లోపలి దిమ్మ విరిగి కూరుకుపోవడం తరచుగా జరిగేవే. పైపు కొనకముందే దీన్ని తేల్చుకోవచ్చు. కన్వర్టర్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సర్‌ను ఈ పరీక్ష వరకు మాత్రమే విప్పి, ఆ రంధ్రంలో సరిపోయే అడాప్టర్ బిగించి, ఒక బారెడు రాగి గొట్టం చివర 0-15 పి.ఎస్.ఐ. ఒత్తిడి గేజీ పెట్టాలి. రబ్బరు గొట్టం అయితే కరిగిపోతుంది. ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో గేజీ ఒకటిన్నర పి.ఎస్.ఐ. లోపు ఉండాలి. 2500 ఆర్.పి.ఎం.కు రేసు ఇస్తే 3 దాటకూడదు. దాటితే ఎక్కడో మూసుకుపోయిందని అర్థం. అప్పుడు కన్వర్టర్ వెనక ఫ్లాంజి (రెండు పైపులను బోల్టులతో కలిపే పళ్లెం) వదులు చేసి మళ్లీ చూడండి. ఒత్తిడి పడిపోతే తప్పు వెనక పైపులోనో సైలెన్సర్‌లోనో ఉంది. పడిపోకపోతే కన్వర్టర్‌లోనే ఉంది, పైపు ఎంత పెద్దది వేసినా బండి బాగుపడదు.

లెక్క

మెకానిక్కులు చాలాకాలంగా వాడే ఒక అంచనా ఉంది. టర్బో (పొగ తోపుకు తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని నెట్టే చక్రం) లేని పెట్రోలు ఇంజిన్‌లో ఒక్కో హార్స్‌పవర్‌కు పైపు లోపల సుమారు 12.5 చదరపు మిల్లీమీటర్ల దారి కావాలి. పవర్‌ను 12.5తో గుణిస్తే కావలసిన లోపలి వైశాల్యం వస్తుంది. బండి పుస్తకంలో పవర్ కిలోవాట్లలో ఉంటే 1.34తో గుణించి హార్స్‌పవర్‌లోకి మార్చుకోండి. పి.ఎస్. అని ఉంటే అదే అంకె వాడినా పెద్ద తేడా రాదు.

ఇక్కడే అందరూ పడే గొయ్యి ఒకటుంది. పొగ వెళ్లేది లోపలి వ్యాసంలో, దుకాణంలో చెప్పే సైజు బయటి వ్యాసం. 16 గేజి పైపు మందం 1.6 మి.మీ., అంటే రెండువైపులా కలిపి 3.2 మి.మీ. పోతుంది. రెండంగుళాల పైపు బయట 50.8 మి.మీ., లోపల 47.6 మి.మీ. మాత్రమే.

16 గేజిలో దొరికే సైజులకు లోపలి వైశాల్యం, అది సరిపోయే పవర్ ఇలా వస్తాయి. ఒకటిన్నర అంగుళాల పైపుకు 957 చదరపు మి.మీ., సుమారు 75 హార్స్‌పవర్ వరకు. ఒకటీ ముప్పావుకు 1340, అంటే 105 వరకు. రెండంగుళాలకు 1780, అంటే 140 వరకు. రెండుంపావుకు 2290, అంటే 180 వరకు. రెండున్నరకు 2856, అంటే 225 దాకా. చూశారుగా, రెండున్నర అంగుళాల పైపు అసలు ఎలాంటి ఇంజిన్‌కో! మన ఊళ్లలో తిరిగే చిన్న కార్లకు దాంతో పనే లేదు.

రెండు ఉదాహరణలు చూద్దాం. ఆల్టో 800 పవర్ సుమారు 47 హార్స్‌పవర్. 12.5తో గుణిస్తే 590 చదరపు మి.మీ. ఒకటింపావు అంగుళాల పైపులోనే 640 ఉంటుంది. ఒకటిన్నర వేస్తే కావలసిన దానికన్నా ఎక్కువే ఇచ్చినట్టు, దాన్ని దాటకండి. 1.2 లీటర్ల పెట్రోలు స్విఫ్ట్ 83 హార్స్‌పవర్‌ది. లెక్క 1037కు వస్తుంది. ఒకటిన్నర కొద్దిగా చాలదు, ఒకటీ ముప్పావు హాయిగా సరిపోతుంది. ఈ బండికి రెండంగుళాలు వేసేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, దానివల్ల మోత తప్ప మిగిలేదేమీ లేదు.

"ఇంజిన్‌కు కొంచెం బ్యాక్ ప్రెషర్ ఉండాలి, లేకపోతే లాగదు" అనే మాట షెడ్లలో తరచుగా వినబడుతుంది. సగమే నిజం. ఒత్తిడి ఏ ఇంజిన్‌కూ మేలు చేయదు. మేలు చేసేది పొగ వేగం. సన్నటి గొట్టంలో పొగ వేగంగా పోతూ తన వెనక కొంచెం ఖాళీని లాగుతుంది, తర్వాతి పొగ బయటికి రావడానికి అది సాయపడుతుంది. పైపు మరీ వెడల్పయితే ఆ వేగం తగ్గి, ఊళ్లో తిరిగే 1500-2500 ఆర్.పి.ఎం. దగ్గరే బండి బద్ధకంగా ఉంటుంది. మనం ఎక్కువ నడిపేది అక్కడే కదా.

వెడల్పు పైపుకు ఇంకో చెడ్డ గుణం ఉంది, డెల్టాలో అది మరీ ముఖ్యం. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. పైపు వేడిగా ఉంటే ఆ ఆవిరి బయటికి పోతుంది. వెడల్పాటి పైపు నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి రోజూ బజారుకు, బడికి రెండేసి కిలోమీటర్లు తిరిగే బండిలో ఆ నీరు సైలెన్సర్ అడుగునే నిలిచిపోతుంది. అలాంటి బండి పైపు బయటినుంచి పట్టే తుప్పుకన్నా ఇలా లోపలినుంచి పట్టే తుప్పుకే ముందు పోతుంది.

టర్బో బండి అయితే

ఇక్కడ లెక్క మారుతుంది. టర్బో చక్రాన్ని తిప్పేది దాని ముందూ వెనకా ఉన్న ఒత్తిడి తేడా. వెనక ఒత్తిడి ఎంత తగ్గితే టర్బో అంత త్వరగా అందుకుంటుంది. పొగ వేగం వల్ల కలిగే లాభం టర్బో దగ్గరే ఆగిపోతుంది కాబట్టి పైపు కాస్త వెడల్పయినా పెద్ద నష్టం లేదు. అందుకని టర్బో బళ్లకు, అంటే దాదాపు డీజిల్ కార్లన్నిటికీ, లెక్కలో వచ్చిన దానికన్నా ఒక సైజు పైకి వెళ్లండి. ఒక్కటే, రెండు కాదు. 1.3 డీజిల్ స్విఫ్ట్ పవర్ సుమారు 74, లెక్క ప్రకారం ఒకటిన్నర, టర్బో కాబట్టి ఒకటీ ముప్పావు. పాత ఇన్నోవా 2.5 డీజిల్ సుమారు 102, లెక్కకు ఒకటీ ముప్పావు, వేయాల్సింది రెండు.

ఏ బండికైనా తుది తీర్పు పాత కంపెనీ పైపుదే. మీ లెక్క దానికి ఒక సైజు మించి తేడాగా వచ్చిందంటే లెక్క మళ్లీ చూసుకోండి. కంపెనీ పైపుకన్నా తక్కువ సైజు మాత్రం ఎప్పుడూ వేయకండి.

దారంతో కొలత

వెర్నియర్ లేకపోయినా పాత పైపు సైజు తెలుసుకోవచ్చు. పైపు చల్లారాక తుప్పు బ్రష్‌తో గీకి, తిన్నగా ఉన్నచోట దారాన్ని ఒక చుట్టు బిగుతుగా చుట్టి, కలిసిన చోట గుర్తు పెట్టి స్కేలు మీద చూడండి. చుట్టుకొలత 12 సెంటీమీటర్లు ఉంటే ఒకటిన్నర అంగుళాల పైపు. 14 ఉంటే ఒకటీ ముప్పావు, 16 ఉంటే రెండు, 18 ఉంటే రెండుంపావు, 20 ఉంటే రెండున్నర. పావు అంగుళానికి సరిగ్గా రెండేసి సెంటీమీటర్లు పెరుగుతుంది కాబట్టి గుర్తుపెట్టుకోవడం తేలిక. మధ్యలో అంకె వస్తే, ఉదాహరణకు 13 వస్తే, అది మిల్లీమీటర్ల సైజు పైపు. దానికి పై సైజు తీసుకోండి.

కొలత ఒక్కచోట తీసి ఊరుకోవద్దు. కన్వర్టర్ బయటి మూతి, ఫ్లెక్స్ పైపు (ఊగడానికి వీలుగా వంగే ముక్క), మధ్య పైపు, సైలెన్సర్ లోపలికి వెళ్లే మూతి, తోక పైపు... ఇవన్నీ కొలిచి ఒక కాగితం మీద రాసుకోండి. మొత్తం దారిలో ఎక్కడ ఇరుకుగా ఉందో అక్కడి సైజే మీ బండి అసలు సైజు. కాలవలో ఎంత నీరు పారుతుందో లాకులు తేలుస్తాయి, కాలవ వెడల్పు కాదు. కన్వర్టర్ మూతి 42 మి.మీ. ఉండగా వెనక 63 మి.మీ. పైపు వేస్తే పొగ ఏమీ ఎక్కువ పారదు. ఇరుకు ఎక్కడుందో తెలిశాక ఆ ఒక్క ముక్క మారిస్తే చాలని తేలడం కూడా మామూలే. బడ్జెట్ కాపాడేది ఆ కాగితమే.

రెండు తోక పైపులు పెట్టించుకునే సరదా ఉన్నవాళ్లకు ఒక మాట. రెండు ఒకటిన్నర అంగుళాల పైపులు కలిపితే మూడంగుళాల పైపు కాదు, రెండంగుళాల పైపుకన్నా కాస్త ఎక్కువ, అంతే. బరువు మాత్రం సగానికి సగం పెరుగుతుంది.

పైపు కొనే దగ్గర

దుకాణంలో "ఒకటిన్నర పైపు" అనగానే ఏ రకం ఇస్తున్నారో చూడండి. నీళ్ల పైపుల సైజు బోరు (లోపలి రంధ్రం) పేరుతో ఉంటుంది. ఒకటిన్నర అంగుళాల నీళ్ల పైపు బయట 48.3 మి.మీ. ఉంటుంది. ఫర్నిచర్‌కు, గేట్లకు వాడే ట్యూబు సైజు బయటి కొలత, అదే ఒకటిన్నర అయితే 38.1 మి.మీ. పేరు ఒకటే, తేడా సెంటీమీటరు. మీక్కావలసింది రెండో రకం. ఇక్కడా దారం జేబులో ఉండాలి.

జీఐ పైపు చవగ్గా దొరికినా వద్దు. పైన ఉన్న జింకు పూత వెల్డింగ్ వేడికి తెల్లటి పొగై లేస్తుంది. అది పీల్చిన వెల్డరుకు ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది.

చవగ్గా, మన్నికగా కావాలంటే 16 గేజి ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఇనుము) ట్యూబు మంచిది. ఇనుము తూకం లెక్కన అమ్ముతారు కాబట్టి ఆ తూకమే మందాన్ని బయటపెడుతుంది. ఇరవై అడుగుల పొడవు తీసుకుంటే, నిజంగా 1.6 మి.మీ. మందం ఉన్న ఒకటీ ముప్పావు పైపు పది కిలోల పైచిలుకు తూగాలి. ఏడున్నర, ఎనిమిది కిలోలే తూగిందంటే అది 18 గేజి, అంటే 1.2 మి.మీ. రెండంగుళాలది అయితే 16 గేజి దాదాపు పదకొండు ముప్పావు కిలోలు, 18 గేజి తొమ్మిది కిలోలు. సన్నది తేలికే గానీ మామూలు ఆర్క్ వెల్డింగ్‌కు చిల్లులు పడుతుంది, మన చెమ్మకు త్వరగా పోతుంది. చిన్న కారుకు కన్వర్టర్ నుంచి తోక దాకా రెండున్నర, మూడు మీటర్లు సరిపోతుంది కాబట్టి సగం పొడవు కోసి ఇమ్మని అడగండి.

అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లవాళ్లకు స్టెయిన్‌లెస్ ఖర్చుకు తగ్గ ఫలితం ఇస్తుంది. మెట్ల రైలింగులకు వాడే రెండంగుళాల గుండ్రటి పైపు ఎక్కడైనా దొరుకుతుంది, కానీ అందులో చాలావరకు 202 రకం. ఉప్పుకు 304 అంత ఆగదు. అయస్కాంతంతో ఈ రెండింటినీ వేరు చేయలేరు, రెండూ దాదాపు అంటుకోవు. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. స్టెయిన్‌లెస్‌కు ఆర్గాన్ వెల్డింగే చేయించాలి. ఎం.ఎస్. ఫ్లాంజిని స్టెయిన్‌లెస్ పైపుకు అతకాల్సి వస్తే 309 రకం రాడ్డు వాడమని చెప్పండి. మామూలు రాడ్డుతో వేస్తే అతుకు దగ్గర పగులుతుంది.

వంపులు

సైజు లెక్క చక్కగా వేసుకుని, వంపుల దగ్గర పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ. వెనక ఇరుసు మీదుగా పైపు వెళ్లేచోట రెండు మూడు గట్టి వంపులు తప్పవు.

రెడీమేడ్ బెండ్లు, 45 డిగ్రీలవీ 90 డిగ్రీలవీ, కొని తిన్నటి పైపుకు అతికించుకోవడం అన్నిటికన్నా మంచి పద్ధతి. లోపలి సైజు ఎక్కడా నొక్కుకుపోదు. వీలైనంతవరకు ఒక 90కి బదులు దూరం దూరంగా రెండు 45లు వేయించండి.

ప్రెస్ బెండింగ్ మెషీన్ మీద వంచితే పైపు కొంత కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు, కొలవండి. సన్నటి వైపూ వెడల్పు వైపూ బయటి కొలతలు తీసి, రెండింటిలోనూ 3.2 మి.మీ. తగ్గించి, ఒకదాంతో ఒకటి గుణించి, 0.785తో గుణిస్తే లోపలి వైశాల్యం వస్తుంది. ఒకటీ ముప్పావు పైపు వంపు దగ్గర 36 × 52 మి.మీ.గా మారితే వైశాల్యం 1256, అసలు 1340లో ఆరు శాతమే పోయింది. అదే 28 × 58కి నొక్కుకుపోతే 1067కి పడుతుంది, అయిదో వంతు పోయినట్టే. ఒకటీ ముప్పావుకు డబ్బిచ్చి ఒకటిన్నర వేయించుకున్నట్టు. వంపు లోపలివైపు మడత ముడుచుకున్నా ఆ ముక్క తీసుకోవద్దు, పొగ ఆ మడత దగ్గర సుడి తిరుగుతుంది.

మెషీను లేని ఊళ్లలో ఇసుక నింపి వేడి మీద వంచే పాత పద్ధతి ఇంకా నడుస్తోంది. బాగా చేస్తే ప్రెస్ బెండుకన్నా గుండ్రంగా వస్తుంది. సన్నటి గోదావరి ఇసుక జల్లించి, పెనం మీద వేయించి పూర్తిగా ఆరబెట్టాలి. ఇసుకలో తడి ఉంటే వేడికి ఆవిరై పైపు మూతి బిరడాను తుపాకీ గుండులా విసిరేస్తుంది, మనుషులకు దెబ్బలు తగులుతాయి. ఒక చివర చెక్క బిరడా కొట్టి, ఇసుక పోస్తూ, పైపును పక్కనుంచి సుత్తితో తడుతూ, ఇక దిగనంతవరకు దట్టించి రెండో చివర బిరడా వేయాలి. వంచాల్సిన చోట ఎర్రగా కాగాక నెమ్మదిగా, పైపు వ్యాసానికి కనీసం మూడు రెట్ల వ్యాసార్ధంతో వంచాలి. ట్యూబుకు పొడుగునా ఉండే అతుకు గీత వంపు లోపలికో బయటికో కాకుండా పక్కకు ఉండాలి, లేకపోతే అది విచ్చుకుంటుంది. చల్లారాక ఇసుక మొత్తం దులిపేయండి. మిగిలిన రేణువులు సైలెన్సర్‌లోకి పోతాయి. ఇది ఎం.ఎస్.కు మాత్రమే, స్టెయిన్‌లెస్‌కు వద్దు.

సైలెన్సర్

పైపు మీద మిగిల్చిన డబ్బు ఇక్కడ పెట్టండి, మెరిసే తోక మూతి మీద కాదు. కొనేటప్పుడు మూతి సైజు ఒక్కటే చూస్తే మోసపోతారు. మూతి రెండంగుళాలు ఉండి లోపలి గొట్టం ఒకటిన్నర ఉన్నవి బజారులో చాలా ఉన్నాయి. తిన్నటి గొట్టం రకమైతే ఒక చివర టార్చి వేసి రెండో చివరనుంచి చూడండి, చిల్లుల గొట్టం ఎంత వెడల్పుందో తెలుస్తుంది. అది మీ పైపు లోపలి సైజుకు సమానంగా ఉండాలి. లోపల గదులుగా విడగొట్టిన రకం మోతను ఎక్కువ తగ్గిస్తుంది, కొంచెం దారి ఇరుకు చేస్తుంది. కుటుంబం తిరిగే కారుకు మేము గదుల రకమే వేయమంటాం.

నాలుగు సిలిండర్ల ఇంజిన్ 2400 ఆర్.పి.ఎం. దగ్గర సెకనుకు 80 సార్లు పొగ కొడుతుంది. ఆ మోతకు కారు బాడీ కూడా కలిసి మోగితే చెవులు గింగురుమంటాయి. తిన్నటి గొట్టం సైలెన్సర్ ఒక్కటే వేసినవాళ్లకు ఇది ఎక్కువ. కంపెనీ పైపులో మధ్యలో చిన్న రెజొనేటర్ (మోతను అణిచే డబ్బా) ఉంటే దాన్ని ఎత్తేయకండి, అది ఉన్నది ఇందుకే.

సైలెన్సర్ అడుగున, అన్నిటికన్నా పల్లంగా ఉన్నచోట 3 మి.మీ. రంధ్రం ఉందో లేదో చూడండి. లేకపోతే వేయించండి. నీరు కారిపోవడానికి అదే దారి.

బిగించడం

కారును జాకీ మీద ఒక్కదాని మీదే ఎత్తి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టాలి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయాలి, లేకపోతే ఇ.సి.యు. (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) పోయే ప్రమాదం ఉంది. పెట్రోలు ట్యాంకు, ఇంధన గొట్టాల దగ్గర కారు కిందే వెల్డింగ్ చేయనివ్వవద్దు. అక్కడ చిన్న ట్యాక్‌లు (చుక్క అతుకులు) కూడా వద్దు, సున్నపుముక్కతో గుర్తు పెట్టి పైపు కిందికి దించాక అతికించాలి. 16 గేజికి 2.5 మి.మీ. 6013 రాడ్డు, 60-70 ఆంపియర్లు సరిపోతాయి. అంతకన్నా కరెంటు పెంచితే లోపలికి ముద్దలు కారి మళ్లీ దారి ఇరుకవుతుంది. ఒక పైపు ఇంకో పైపులోకి దూరేచోట ముందు పైపే వెనక పైపులోకి దూరాలి. సైజు మారేచోట మెట్టులా కాకుండా కనీసం 50 మి.మీ. పొడవున గరాటాలా మార్చండి.

పైపు వేడికి సాగుతుంది. రెండున్నర మీటర్ల ఎం.ఎస్. పైపు సగటున 250 డిగ్రీలు వేడెక్కితే 7 మి.మీ. పైగా పెరుగుతుంది, 304 స్టెయిన్‌లెస్ అయితే 10 మి.మీ. పైగా. అందుకే హ్యాంగర్లు రబ్బరువి కావాలి, ఫ్లెక్స్ పైపు ఉండాలి. రబ్బరు తెగిందని ఇనుప తీగతో బిగించి కడితే కొన్నాళ్లకు మానిఫోల్డు దగ్గరే పగులుతుంది. బాడీకి, ఇరుసుకు చుట్టూ కనీసం 20 మి.మీ. ఖాళీ వదలండి.

కోతల కాలంలో ఇంకో జాగ్రత్త. ధాన్యం, వరిగడ్డి రోడ్ల మీద ఆరబోసే రోజుల్లో, ఫ్లాంజి బోల్టులు కిందికి పొడుచుకుని ఉంటే గడ్డి చుట్టుకుని వేడి పైపు మీద అంటుకుంటుంది. బోల్టులు అడ్డంగా ఉండేలా ఫ్లాంజిని తిప్పి అతికించండి. కన్వర్టర్ కింద ఉండే రేకు కవచం గలగలమంటోందని ఊడదీసి పారేయకండి, బిగించండి. గడ్డి మీదుగా వెళ్లాల్సి వస్తే ఊరు చేరాక ఒకసారి వంగి చూడటం అలవాటు చేసుకోండి.

లావు పైపు వేసినా, పెద్ద సైలెన్సర్ వేసినా తగ్గేది నేలకూ బండికీ మధ్య ఎత్తే. ఏటిగట్టు ఎక్కే ర్యాంపుల దగ్గర, కాలవ వంతెనల మూపుల దగ్గర తగిలేది ఫ్లాంజి, సైలెన్సర్ అడుగు. నలుగురిని కూర్చోబెట్టి, నేలకూ పైపుకూ మధ్య ఎత్తు కొలిచి, కంపెనీ పైపుకు ఉన్న ఎత్తు కన్నా తగ్గకుండా చూసుకోండి. తోక పైపు బంపరు అంచు దాటి బయటికి రావాలి. లోపలే ఆగితే పొగ డిక్కీ సందుల్లోంచి కారులోకి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు.

లీకు పరీక్ష

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, చేతికి తోలు గ్లవ్ వేసుకుని, తడిగుడ్డ ముద్దతో తోక మూతిని అయిదారు సెకన్లు మూయండి. అతుకులన్నీ బాగుంటే ఇంజిన్ ఊగిసలాడి ఆగబోతుంది. ఎక్కడైనా బుస్‌మని వినబడితే అక్కడ సబ్బునీళ్లు రాస్తే బుడగలు వస్తాయి. మూతిని ఎక్కువసేపు మూసి ఉంచకండి, ఖాళీ స్థలంలోనే చేయండి.

అతుకుల మీది పొట్టు దులిపి, నూనె తుడిచి, 600 డిగ్రీలు ఆగే అల్యూమినియం పెయింటు రెండు పూతలు వేయండి. ముందుగా అతుకుల మీద, తర్వాత మిగతా పైపు మీద. మొదటిసారి ఇంజిన్‌ను ఐడిల్‌లో ఇరవై నిమిషాలు నడిపి పెయింటు గట్టిపడనివ్వండి, కొంచెం పొగ వస్తుంది, అది మామూలే. 300-400 కిలోమీటర్లు తిరిగాక బండి చల్లారి ఉన్నప్పుడు ఫ్లాంజి బోల్టులు మళ్లీ బిగించండి. ఫ్లాంజిల మధ్య ఉన్న కొత్త ప్యాకింగు వేడికి అణిగి అవి వదులవుతాయి. ఆ రోజే ఫ్లాంజి చుట్టూ నల్లటి మసి గీతలు ఉన్నాయేమో చూడండి. ఉంటే ప్యాకింగు సరిగా కూర్చోలేదు, కొత్తది వేయించి బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి.